రేడియేటర్‌కని నింపిన నీళ్ళు

వేడెక్కిన రేడియేటర్ మూత తీసినప్పుడు వచ్చే వాసన నాకు ఇప్పటికీ పడదు. తుప్పూ, పాత రబ్బరూ, ఉడికిన మురికినీళ్ళూ కలిసిన కంపు అది. రోడ్డు పక్కన ఎవరి బండైనా బానెట్ ఎత్తి కనిపిస్తే ముఖం తిప్పుకుని పోతాను. కారు కొన్న కొత్తలో ఊళ్ళో ప్రతి వీధిలోనూ హారను కొట్టుకుంటూ తిరిగిన మనిషిని నేనే. ఆ మోజంతా రెండేళ్ళ కిందట, ఇంజను విప్పించి పని చేయించాక, మూడు నెలల్లో వదిలిపోయింది.

కొన్నది మోజుకే అయినా ఆ కారు నడిచింది మాత్రం మా బావ కోసం. బావంటే మా అక్క భర్త. మా వైపు బావా బామ్మర్దీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం, అందుకని ఆయనకి నేనూ బావనే. ఉద్దానంలో, అక్కుపల్లికి కాస్త ఇవతల, జీడితోటల మధ్య ఉన్న ఊరు మాది. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాని. బావ కొబ్బరి రైతు. రెండు కిడ్నీలూ పోయాయి. మా ఊళ్ళో ఆ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు, ఎవరింట్లో అడిగినా ఒకరుంటారు.

సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఆయన్ని పలాస తీసుకెళ్ళి డయాలసిస్ మంచం ఎక్కించాలి. ఒక్క రోజు తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి. ఇంకో రోజు గడిస్తే పడుకుంటే ఊపిరాడదు. ఆటోలో వెళ్ళడం వరకూ ఫరవాలేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు బి.పి. పడిపోయి ఆ కుదుపులకి కళ్ళు తేలేసేవాడు. ఒకసారి అక్క ఒళ్ళోనే స్పృహ తప్పాడు. అప్పటినుంచీ వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకోడానికి నా కారే దిక్కయింది, అక్క వెంట రావలసిన పని లేకపోయింది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి సూదులకన్నా పెద్ద శిక్ష దాహం. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు కాబట్టి, రోజుకి ఇంత అని డాక్టరు గీత గీసేస్తాడు. మందులు మింగే నీళ్ళూ, టీ, మజ్జిగా, అన్నీ ఆ గీతలోకే వస్తాయి. మా అక్క ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టి కొలిచి పోసేది. బావ ఆ గ్లాసు అందుకుని, ఒక్కో గుక్కా నోట్లో తిప్పుకుంటూ తాగేవాడు. గొడవ చేసేవాడు కాదు. మా బాప్టిస్టు సంఘంలో ఆయన పెద్ద. గాలికి తన తోటలో పడ్డ పక్కవాళ్ళ కొబ్బరికాయని చేత్తో పట్టుకుని వాళ్ళింటికి నడిచి వెళ్ళి ఇచ్చొచ్చిన మనిషి. ఆయన మాట మీద ఊళ్ళో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

అలాంటి సమయంలో నా ఇంజను పోయింది. ఒక్కణ్ణే శ్రీకాకుళం నుంచి వస్తుంటే నిమ్మాడ దగ్గర హైవే మీద, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. ఇంకో పది నిమిషాల్లో ఇంటికి పోతానా అన్నట్టు తొక్కుకుంటూ పోయాను. అది నా తెలివి. పొగలు కక్కి ఆగిపోయింది. లారీకి తాడు కట్టి టెక్కలి లాక్కొచ్చి ఒక మెకానిక్ షెడ్డులో పడేశాను. మంచి చెయ్యి అని అందరూ చెప్పిన మనిషే.

"పది రోజులు సాలు బావూ, కొత్త బండిలాగ సేసి ఇచ్చెత్తాను" అన్నాడు. బాబూ అనడానికి మా వైపు బావూ అంటారు.

పది రోజులు కాస్తా నెల అయింది. ఆ నెలంతా బావ ఆటోలోనే తిరిగాడు, అక్క పక్కన తలగడ పట్టుకుని కూర్చునేది. నేను బండి చూడ్డానికి షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా ఎక్కడ కాలు పెట్టాలో తెలిసేది కాదు. నేలంతా నల్లటి జిడ్డు, గోడ వారంతా ఖైనీ ఉమ్ములు. పాత ఫ్లెక్సీ ఒకటి కింద పరిచి, దాని మీద ఎవరో నాయకుడి నవ్వుముఖంలో నా పిస్టన్లు వరసగా పెట్టాడు. ఆ మనిషికి ఇంకో పాడలవాటుండేది. రేడియేటర్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని రుచి చూసేవాడు. ఆయిల్ కలిసిందో లేదో అలా తెలుస్తుందట. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది.

బండి చేతికొచ్చిన మొదటి సోమవారమే పలాస చేరేసరికి నీళ్ళ సీసా ఖాళీ. ఇంజను పక్కన ప్లాస్టిక్ సీసా ఉంటుందే, అందులో చుక్క లేదు. ఫోను చేశాను.

"కొత్త ఇంజిను కదా బావూ, లోన గాలి ఉండిపోనాది. నాలుగు పాలీలు నీల్లు పోసి తిప్పండి, అదే సర్దుకుంతాది."

నాలుగు కాదు, పది సార్లు పోశాను. పాత ఇంజనాయిల్ డబ్బాలో బోరు నీళ్ళు పట్టి బండిలో పెట్టుకుని తిరిగాను. సర్దుకోలేదు. మళ్ళీ టెక్కలి వెళ్తే పైపు క్లిప్పు బిగించాడు, రేడియేటర్ మూత మార్చాడు. ఇంటికొచ్చి బండి కింద పాత పేపర్లు పరిచి పొద్దున్నే చూసేవాణ్ణి, మరక పడిందేమోనని. పేపర్లు పొడిగా ఉండేవి, సీసాలో మాత్రం నీళ్ళు తగ్గేవి. బయటికి కారకుండా పోతున్నాయంటే లోపలే కాలిపోతున్నాయన్న మాట. అది చెబితే ఆ పెద్దమనిషి తల గోక్కుని, బండి ఒక పూట ఉంచమన్నాడు.

మర్నాడు తెచ్చుకున్నాను. రెండు రోజులకి మూత తీస్తే లోపల పసుప్పచ్చటి బురద. చెంచాతో తీస్తే ముద్దలా వచ్చింది.

"పసుపు పోసినాను బావూ. సన్న సిల్లులుంటే మూసీత్తాది. మా గురువు కాలం నుంచీ ఇదే వైద్యం."

"పసుపు చేపల పులుసులో వేసుకుంటారయ్యా! నా ఇంజను ఏమైనా పండుగప్పా?" అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అసహ్యంతో ఉమ్మేశాను, ఆ గోడ మీద ఇంకో ఉమ్ము ఎక్కువైనా తేడా తెలియదు గనక.

ఆ బురద కడగడానికి రేడియేటర్ విప్పినప్పుడు, పసుపు కింద తెల్లటి సున్నపు పెచ్చులు కూడా రాలాయి. వాటిని వేలితో నలిపి అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇది మీ ఊరి బోరు నీల్ల బాపతు. మీ ఉద్దానం నీల్లు మనుసులికే కాదు, బండికీ పడవు బావూ. ఇకమీదట తాగే నీల్లే పొయ్యండి."

మా ఊళ్ళో ఎవరూ బోరు నీళ్ళు నోట పెట్టరు. కొనుక్కున్న టిన్ను నీళ్ళే తాగుతాం. వాటితో కాళ్ళు కడిగితే ఇంట్లో తిడతారు, అంత జాగ్రత్త. అలాంటి నీళ్ళు ఇనపముక్కకి పొయ్యమంటే ఒళ్ళు మండిపోయింది. కానీ బండి ఆగితే ఆగేది బావ ఊపిరి. కొత్త తెల్ల డబ్బా, ఐదు లీటర్లది కొన్నాను. పొద్దున్నే టిన్ను నీళ్ళు నింపి వెనక సీటు ముందు, కాళ్ళ దగ్గర పెట్టేవాణ్ణి. దారిలో సగం దూరం వచ్చాక జీడితోటల మలుపులో నీడ ఉంటుంది. అక్కడ బండి ఆపి, బానెట్ ఎత్తి, పైపులూ క్లిప్పులూ ఐదు నిమిషాలు చూసుకునేవాణ్ణి. పలాసలో బావని మంచం ఎక్కించి, ఇంజను చల్లారాక డబ్బాలోని నీళ్ళు ఇంజను సీసా అంచుదాకా పోసేవాణ్ణి, ఎంత పట్టిందో మాత్రం చూసుకునేవాణ్ణి కాదు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే మలుపులో ఆపి చూసేవాణ్ణి. ఇంటికొచ్చాక డబ్బా ఎంత తగ్గిందో చూస్తే, బండి ఎంత తాగిందో తెలిసిపోతుంది. అలా అనుకున్నాను.

రోజుకి రెండు లీటర్లు తగ్గుతోందని చెప్పి మెడమీద కూర్చుంటే, చివరికి ఇంజను హెడ్డు మళ్ళీ విప్పాడు. ఇంజను బ్లాకుకీ హెడ్డుకీ మధ్య పెట్టే గాస్కెట్ ఒక మూల నల్లగా కాలి ఉంది. హెడ్డు వంగి ఉంటే సరిగ్గా సానపట్టించకుండానే బిగించేశాడట.

"తప్పు నాదే బావూ, సూసుకోనేదు" అని ఒప్పుకున్నాడు. లేత్ షాపులో మళ్ళీ చదును చేయించి, కొత్త గాస్కెట్ వేసి, రెండ్రోజుల్లో ఇచ్చాడు.

ఆ తరవాత డబ్బా తగ్గడం తగ్గింది గానీ ఆగలేదు. రెండు లీటర్లు పోయేచోట ముప్పావు లీటరు. నాకు పిచ్చెక్కినంత పనైంది. ఇంత చేసినా ఇంకా కారుతోందంటే ఈ మనిషికి సిగ్గుందా అనిపించింది.

అవే రోజుల్లో డయాలసిస్ దగ్గర తూకంలో బావ బరువు ఎక్కువ చూపించడం మొదలైంది. వెళ్ళగానే కాటా ఎక్కిస్తారు, పెరిగిన బరువంతా ఒంట్లో చేరిన నీరే. ఆ నీరంతా ఒక్కసారి లాగేసరికి కాళ్ళ కండలు పట్టేసి, పక్క మంచాలవాళ్ళు లేచి చూసేలా అరిచేవాడు. ఇలాగే కొనసాగితే గుండె తట్టుకోదని డాక్టరు నా ముఖం మీదే చెప్పేశాడు.

"అంకుల్, నీళ్ళు తాగేస్తన్నారా?" అని అక్కడి నర్సు గట్టిగానే అడిగింది.

"ఇంటికాడ మా ఆవిడ కొలిసి పోసిందే తల్లీ" అన్నాడు బావ, నేల చూస్తూ.

ఆ పిల్ల అలా అడిగినందుకు నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి అక్కతో చెబితే తనకి ఇంకా కోపం వచ్చింది.

"మీ బావ దొంగతనంగా తాగే మనిసేటిరా? ఆల కాటాయే పాడైపోనాది. ఆలకి సెప్పు."

శనివారం ఉపవాస ప్రార్థనలో అక్క బావ కోసమూ, దాంతోపాటు నా కారు కోసమూ ప్రార్థన చేయించింది. దేవుడితో రేడియేటర్ గురించి మాట్లాడుతుంటే నేను తలెత్తలేకపోయాను. బావ కళ్ళు మూసుకుని అందరికన్నా ఆఖర్న ఆమెన్ అన్నాడు.

సోమవారం డయాలసిస్ అయ్యాక బావని ఇంటిదగ్గర దించి నేరుగా టెక్కలి వెళ్ళాను. షెడ్డు నిండా జనం. నేను నోరు పారేసుకున్నాను. దొంగవన్నాను, పనిదొంగవన్నాను, ఒక రోగి ప్రాణంతో ఆడుకుంటున్నావన్నాను. ఖైనీ నమలడం మీద ఉన్న శ్రద్ధ పని మీద లేదన్నాను. అతను లోపలికి వెళ్ళి, చేత్తో గాలి కొట్టే పంపు ఒకటి తెచ్చాడు. రేడియేటర్ మూత ఉండేచోట దాన్ని బిగించి గాలి కొట్టాడు. పంపు మీద చిన్న గడియారంలాంటిది ఉంది. లీకుంటే దాని ముల్లు దిగుతుందని చెప్పాడు. టీ తాగొచ్చాం, ఇంకో బండి పని చూశాడు, గంట గడిచింది.

"సూడండి బావూ. ముల్లు కదల్నేదు. పసుపు పోసింది నిజిం, హెడ్డు సూసుకోనిది నిజిం. రెండూ ఒప్పుకున్నాను. ఇప్పుడు మాత్రం లీకు నేదు."

"మరి నా ముప్పావు లీటరు ఎవడు తాగుతున్నాడయ్యా?"

ఆ మాట అన్నది నేనే. అందరి ముందూ అన్నాను.

అతను విసిగిపోయాడు. రేడియేటర్లో నీళ్ళన్నీ వదిలేసి వాటికి బదులు పోసే ఆకుపచ్చ కూలెంట్ నింపాడు. మిగిలినదాన్ని నా తెల్ల డబ్బాలో పోసి, నీళ్ళు కలిపి చేతికిచ్చాడు.

"తగ్గితే పైన కూడా ఇదే పొయ్యండి. లీకుంటే పచ్చ మరక పడతాది. రంగెక్కడ కనపడితే లీకు అక్కడే. ఒక్కటి గేపకముంచుకోండి, ఇది విసం. తియ్యగుంటాది, కుక్కలు నాకీసి సచ్చిపోతాయి. పిల్లలికీ అందనీకండి."

అందనివ్వలేదు. ఇంటికి రాగానే గేటు గడియ వేశాను, వీధికుక్క లోపలికి రాకుండా. బుధవారం పొద్దున్న ఆ డబ్బాని ఎప్పటిలాగే వెనక సీటు ముందు, కాళ్ళ దగ్గర పెట్టాను. బావకి చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. బండి నీళ్ళతో ఆయనకేం పని?

జీడితోటల మలుపులో ఆపాను. బానెట్ ఎత్తాను. టార్చి పెట్టి ఒక్కో పైపూ వెతుకుతున్నాను. ఎక్కడా పచ్చ మరక లేదు. వంగి కింద చూశాను, అక్కడా లేదు. ఆ మెకానిక్‌ని ఈసారి ఏమని తిట్టాలా అని మాటలు కూడబెట్టుకుంటున్నాను. అప్పుడు వెనకనుంచి బావ గొంతు వినపడింది.

"బావా, ఏటీ నీల్లు పచ్చగున్నాయి?"

దళసరి తెల్ల డబ్బా అది. మూత తీసి వంచితే తప్ప లోపలి రంగు తెలియదు. నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బానెట్ ఎత్తితే ముందద్దం మొత్తం మూసుకుపోతుంది. నాకు వెనక సీటు కనపడదు. నెల రోజులుగా, పోను రాను, నేను ఇంజనులోకి తల దూర్చిన ఆ ఐదు నిమిషాలూ ఆయనవి.

పరిగెత్తాను. తలుపు తీస్తే డబ్బా మూత గిన్నెలా చేతిలో ఉంది, దాన్నిండా ఆకుపచ్చ నీళ్ళు. కింది పెదవి తడిగా ఉంది.

"తాగీసినావేటి? బావా! మింగీసినావేటి?" ఏళ్ళుగా పుస్తకాల భాష మాట్లాడే నా నోట్లోంచి మా ఊరి మాట ఊడిపడింది.

"నేదు. రంగు సూసి ఆగిపోనాను. పెదాలకి తగిలినాది."

మూత లాగి తోటలోకి విసిరేశాను. డబ్బా మొత్తం ఇసకలో ఒంపేశాను. తరవాత ఆ ఇసక మీద ఇంకా ఇసక పోసి పూడ్చాను, ఏ కుక్కా నాకకుండా. నా తువ్వాలుతో ఆయన పెదాలు గట్టిగా తుడిచాను, పసిపిల్లాడికి తుడిచినట్టు. ముందు సీట్లో నా తాగే నీళ్ళ సీసా ఉంటే ఇచ్చి, పుక్కిలించి ఉమ్మమన్నాను. మొదటిసారి ఉమ్మాడు. రెండోసారి ఉమ్మాడు. మూడోసారి నీళ్ళు నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నా కళ్ళలోకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ మింగేశాడు.

నేను చెయ్యి చాపి సీసా తీసుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆకలికి ఆగగల్ను బావా. దీనికి ఆగలేకపోతన్నాను. మీ అక్కకి సెప్పకు" అన్నాడు.

పలాసలో డాక్టరుకి జరిగింది జరిగినట్టు చెప్పాను. మింగలేదని వాళ్ళకి నమ్మకం కుదిరేదాకా ఆ రోజు ఎక్కువసేపు కనిపెట్టి చూశారు. ఆయనకేమీ కాలేదు. కాటా ఎక్కినప్పుడు నర్సు ఎప్పటిలాగే అడిగింది. బావ ఈసారి నేల చూడలేదు.

"తాగేను తల్లీ. ఇంటికాడ కాదు. కార్లో."

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదని. ఇంటి దగ్గర కొలిచి పోసిందే తాగుతున్నానన్నాడు. నిజమే. మేం అంతకు మించి అడగలేదు. బావలాంటి పెద్దమనిషి తాగడు గాక తాగడు, ఇంజనే తాగుతోంది అనుకుని, అక్క కాటాని తిట్టింది, నేను మెకానిక్‌ని తిట్టాను. డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలూ ఆస్పత్రి వరండాలో కూర్చుని నన్ను నేను చూసుకుంటే, ఆ షెడ్డు గోడ మీది ఉమ్ములకన్నా రోతగా అనిపించింది. కుక్కల్ని తలుచుకుని గేటు వేసినవాణ్ణి. వెనక సీట్లో దాహంతో కూర్చున్న మనిషి కాళ్ళ దగ్గర విషం పెట్టి బండి నడిపాను.

గురువారం టెక్కలి వెళ్ళి, ఆరోజు ఎవరి ముందు తిట్టానో వాళ్ళలో ఉన్నవాళ్ళ ముందే, లీకు లేదు, తప్పు నాదని చెప్పాను. ఎలా తెలిసిందో కూడా చెప్పాను. మెకానిక్ చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టేశాడు.

"పెద్దాయన బాగున్నాడా?" అని ఒక్కటే అడిగాడు.

బాగానే ఉన్నాడన్నాను. నాకు టీ తెప్పించాడు. ఆ జిడ్డు బల్ల మీదే కూర్చుని తాగాను.

అక్కకి చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మర్నాటినుంచి ఆయన రోజు నీళ్ళలోనే కొంచెం తగ్గించి, చిన్న మందు సీసాలో పోసి నా చేతికివ్వడం మొదలుపెట్టింది. కూలెంట్ డబ్బా ఇప్పుడు డిక్కీలో, తాళంలో ఉంటుంది. బండి చుక్క నీరు తాగడం లేదు. అయినా జీడితోటల మలుపులో ఇప్పటికీ ఆపుతాను. దిగి వెనక్కి వెళ్ళి ఆ మందు సీసా మూత తీసి ఇస్తాను. ఆయన తాగేదాకా పక్కనే నిలబడతాను. బానెట్ ఎత్తను.